జీవితార్థాన్ని వెదికే చిన్న నవలలు: ఎంపిక ఎలా?

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు జీవితార్థాన్ని వెదికే నవలలను పోల్చి చూసి, మీకు తగినదాన్ని ఎంచుకోగలుగుతారు. ఇక్కడ ఆధ్యాత్మిక నవల అంటే దేవుని కథ కాదు. 'నేనెందుకు బతుకుతున్నాను?' అన్న ప్రశ్నే కథను నడిపించే నవల.

ఒకసారి కమలాపురంలో తరగతి ముగిశాక ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చారు. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. తండ్రి పోయి రెండు నెలలయింది. "చిన్న పుస్తకం ఏదన్నా చెప్పండి సార్, మనసు నిలవడం లేదు" అన్నారు. ఎక్కువ ఆలోచించకుండా హెర్మన్ హెస్సే 'సిద్ధార్థ' (1922) ఇచ్చాను. మరుసటి ఆదివారం తిరిగి తెచ్చారు. "బాగుంది సార్. కానీ ఆయప్ప ఇల్లిడిచి పోయినాడు. నేను యాడికి పోయేది? అమ్మ, ఇద్దరు చెల్లెండ్లు ఉండారు" అన్నారు.

తప్పు పుస్తకానిది కాదు, నాది. ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

1. అన్వేషకుడు ఎక్కడ నిలబడి వెదుకుతున్నాడు?

సిద్ధార్థుడు ఇల్లు వదిలి వెదుకుతాడు. బుద్ధుణ్ణి గౌరవిస్తాడు కానీ ఆయన సంఘంలో చేరడు. ఒకరి అనుభవం మాటలతో మరొకరికి రాదని అతని నమ్మకం. చివరకు పడవ నడుపుతూ, నది చప్పుడు వింటూ నేర్చుకుంటాడు. ఉపదేశాలు విని విసిగినవారికి ఇది తగిన పుస్తకం. పాపాఘ్ని పెన్నలో కలవడం చూసినవారికి ఆ నది కొత్తగా అనిపించదు.

టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' (1886) నాయకుడు మంచం మీదనే వెదుకుతాడు. ఆయన న్యాయమూర్తి. జబ్బు ముదిరాక, తాను బతికిన తీరు సరైనదేనా అన్న అనుమానం మొదలవుతుంది. చుట్టూ ఉన్నవారు ఆయన బాగవుతాడని నటిస్తారు. నటించనివాడు సేవకుడు గెరాసిం ఒక్కడే.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు వంశగౌరవానికీ తన చేతగానితనానికీ మధ్య నలిగిపోతాడు. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా దీన్ని చెబుతారు. పరువు కోసం బతికేవారికి ఇది అద్దం. అయితే ఓదార్పు ఆశించి దీన్ని తెరవకండి.

2. జవాబుకు పాత్ర ఏ మూల్యం చెల్లించింది?

చేతిలో పెట్టినట్టు జవాబు చెప్పే పుస్తకం ఆ పూటకు హాయిగా ఉంటుంది. కష్టం వచ్చిన రోజున నిలవదు. సిద్ధార్థుడు ఒకనాడు తండ్రిని విడిచి వచ్చాడు. తరువాత అతని కొడుకు అతణ్ణి విడిచిపోతాడు. ఆ నొప్పి ఉండబట్టే అతని ప్రశాంతతను నమ్ముతాం. సీతారామారావుకు జవాబే దొరకదు. అయినా అతని పతనం నిజాయితీగా ఉంది.

ఆ విద్యార్థికి రెండోసారి టాల్‌స్టాయ్ నవల ఇచ్చాను. నొప్పి తగ్గడానికి రోగి కాళ్లను గెరాసిం తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చునే ఘట్టం దగ్గర ఆగిపోయానన్నారు. "మా నాయనకు నేనూ అట్లే చేసినా సార్. అదేమంత పని అనుకుంటి" అన్నారు. బతుకుకు అర్థమేమిటని ఆయన మళ్లీ నన్ను అడగలేదు.

సారాంశం: నవల ఇచ్చే జవాబును బట్టి కాక, మీరున్న చోటును బట్టి ఎంచుకోండి. ఇవి చదివాక పెద్ద నవలకు సిద్ధమైతే, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తీసుకోండి. అందులో దయానిధి వెదుకులాట మన రాయలసీమ వజ్రకరూరు దాకా వస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పై మూడు చిన్న నవలల్లో ఇప్పుడు మీకు తగినది ఏది? కారణాన్ని మీ జీవితం నుంచే ఐదు వాక్యాల్లో రాయండి.