పాత స్పోర్ట్స్ కారు: గ్రీజు ఎక్కడ, నూనె ఎక్కడ?

పాత కారును ముచ్చటపడి ఉంచుకున్నవారు దాని రంగు, సీట్లు, ఇంజను శ్రద్ధగా చూసుకుంటారు. ముందు చక్రాల వెనక మట్టి పట్టి ఉండే భాగాలను మాత్రం మెకానిక్‌కు వదిలేస్తారు. ఆయన గ్రీజు గన్ తీసుకుని, నిపుల్ ఉన్న ప్రతిచోటా గ్రీజు కొడతాడు. చాలా కార్లకు అది మేలే. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ విషయంలో మాత్రం ఒకచోట అదే ప్రమాదానికి దారి తీస్తుంది.

ఇంగ్లండులో 1962 నుంచి 1980 వరకు తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇది. దీని ముందు సస్పెన్షన్ 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ నుంచి తీసుకున్నది. ఆ హెరాల్డే మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. కనుక ఇప్పుడు చెప్పబోయేది మన దగ్గర హెరాల్డ్‌ను కాపాడుకుంటున్నవారికీ వర్తిస్తుంది.

ఈ కార్లలో ముందు చక్రాన్ని మోసేది వర్టికల్ లింక్ అనే నిలువు ఉక్కు కడ్డీ. దాని కింది కొనకు బోల్టుకు ఉన్నట్టు మరలు ఉంటాయి. ఆ కొన ట్రనియన్ అనే కంచు భాగంలో బిగిసి ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరలలోనే తిరుగుతుంది. ఆ మూలన పడే బరువు కూడా ఆ మరల మీదుగానే కింది విష్‌బోన్‌కు చేరుతుంది.

మరల మధ్య సందు చాలా సన్నం. చిక్కని గ్రీజు అందులో పైదాకా పాకదు. కొంతకాలానికి గట్టిపడి దారినే మూసేస్తుంది. పైనుంచి వాన నీరు దిగి ఉక్కుకు తుప్పు పడుతుంది. మరలు పట్టేస్తాయి. అయినా మనం స్టీరింగు బలంగా తిప్పుతూనే ఉంటాం. చివరకు కడ్డీ మరల దగ్గర విరిగి, చక్రం పక్కకు ఒరిగిపోతుంది. కారు నిలిపేటప్పుడు విరిగితే అదృష్టం. హైవే మీద విరిగితే ప్రాణాపాయం.

అందుకే తయారీదారు ఇక్కడ వాడమన్నది గ్రీజు కాదు, 90 నంబరు హైపాయిడ్ గేర్ ఆయిల్. కారు ముందు భాగాన్ని జాకీతో లేపి, స్టాండుల మీద గట్టిగా నిలపండి. ట్రనియన్‌కు ఉన్న ప్లగ్ తీసి నిపుల్ బిగించండి. గేర్ ఆయిల్ నింపిన గన్‌తో, పైన నూనె బయటికి వచ్చేదాకా కొట్టండి. చక్రాన్ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, మళ్లీ కొద్దిగా కొట్టండి. ఆ గన్‌ను గ్రీజుకు వాడకుండా విడిగా ఉంచుకోండి.

ఈ పని 6,000 మైళ్లకు, అంటే సుమారు 9,600 కిలోమీటర్లకు ఒకసారి చేయాలి. అంత దూరం తిరగని కారుకు ఆరు నెలలకొకసారి చేయడం మంచిది. వానాకాలానికి ముందు ఒకసారి తప్పనిసరి.

లోపల ఇదివరకే గ్రీజు ఉంటే దాని మీద నూనె కొట్టి లాభం లేదు. విప్పించి, కిరసనాయిలుతో కడిగించి, మరలు చూడండి. తుప్పు తిన్న గుంటలు కనిపిస్తే కడ్డీ మార్చవలసిందే. వెల్డింగు చేయించి వాడకండి. కుడి, ఎడమ కడ్డీల మరలు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉంటాయి. కనుక కొనేటప్పుడు ఏ వైపుదో చెప్పి కొనండి.

ఇక స్టీరింగు ర్యాక్‌కు గ్రీజే వాడాలి, అదీ మితంగా. 12,000 మైళ్లకు ఒకసారి, గన్‌తో ఐదు దెబ్బలు చాలు. ఎక్కువైతే రెండు చివరలా ఉన్న రబ్బరు తొడుగులు ఉబ్బి చిరుగుతాయి. చిరిగిన తొడుగులోంచి దుమ్ము లోపలికి చేరుతుంది. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లకు నూనె గాని గ్రీజు గాని తగలనివ్వకండి. అవి రబ్బరును మెత్తబరచి పాడు చేస్తాయి. బుష్ కిర్రుమంటుంటే అరిగిందేమో చూసి మార్పించండి.

ఈసారి కారు షెడ్డుకు తీసుకువెళ్లినప్పుడు, మెకానిక్ గన్ అందుకోకముందే ఒక్క మాట అడగండి: "ట్రనియన్‌లో ఏం కొడుతున్నావు నాయనా?" ఆయన గేర్ ఆయిల్ అంటే నిశ్చింతగా ఉండండి. గ్రీజు అంటే మాత్రం చేయి ఆపమనండి.