"సందేశ్" ఇంటి పిల్లవాడు

కలకత్తాలో గడ్‌పార్ రోడ్డున ఒక ఇల్లు ఉండేది. ఆ ఇంట్లోనే అచ్చాఫీసు. అక్కడ "సందేశ్" అనే పిల్లల మాసపత్రిక అచ్చయేది. 1913లో దాన్ని ప్రారంభించిన ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి కథలు రాసేవాడు, బొమ్మలు వేసేవాడు, ఫోటోలు అచ్చువేసే దిమ్మలు తయారుచేయటంలో గొప్ప నిపుణుడు. ఆయన కొడుకు సుకుమార్ రాయ్ పిల్లలను కడుపుబ్బ నవ్వించే పాటలు రాశాడు.

సుకుమార్ కొడుకు సత్యజిత్ 1921లో పుట్టాడు. అతను ఏవో గీతలు గీసి, ఆ బొమ్మను "సందేశ్"లో వేయమని అచ్చాఫీసులో ఇచ్చేవాడు. అక్కడి పనివాడు సరేనని, పిల్లవాణ్ణి ఎత్తుకుని, పెద్ద కెమెరా అద్దం మీద ఆ బొమ్మ తలకిందులుగా కనబడటం చూపించేవాడు. కెమెరా కటకం గుండా వచ్చే వెలుగులో పైది కిందికీ, కిందిది పైకీ పోతుంది మరి!

ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. 1923లో తండ్రి పోయాడు. కొన్నేళ్ళకు వ్యాపారం మూతపడింది. ఇల్లు కూడా వదలవలసివచ్చింది. తల్లి సుప్రభ కొడుకుతో తన అన్నదమ్ముల ఇంట చేరి, కుట్టుపని నేర్పుతూ సంపాదించి అతన్ని చదివించింది. 1940లో, అతనికి అంత ఇష్టం లేకపోయినా, పట్టుబట్టి శాంతినికేతనానికి పంపింది. సత్యజిత్ అక్కడ చిత్రలేఖనం నేర్చుకున్నాడు.

తరవాత అతను, పిల్లల కోసం కుదించిన "పథేర్ పాంచాలీ" నవలకు బొమ్మలు గీశాడు. ఆ కథను సినిమా తీయాలనిపించింది. కాని ఏ నిర్మాతా డబ్బు పెట్టలేదు. సత్యజిత్ దృశ్యాలన్నీ ముందుగా బొమ్మలు వేసుకుని, 1952లో తానే పని ప్రారంభించాడు. ఉద్యోగం మానలేదు, సెలవురోజుల్లో చిత్రం తీసేవాడు. డబ్బు చాలక గ్రామఫోను రికార్డులు అమ్మాడు, భార్య నగలు తాకట్టుపెట్టాడు. అయినా పని ఆగిపోయింది. అప్పుడు తల్లి తనకు తెలిసినవారి ద్వారా ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్‌కి ఈ సంగతి చేరవేసింది. ప్రభుత్వం డబ్బిచ్చింది. 1955లో సినిమా విడుదలై, దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నది.

పేరు వచ్చాక సత్యజిత్ రాయ్ చిన్ననాటి పత్రికను మరిచిపోలేదు. ఒక మిత్రుడితో కలిసి 1961లో "సందేశ్"ను మళ్ళీ ప్రారంభించి, దానికి కథలు రాశాడు, బొమ్మలు వేశాడు. తన కొడుకు కోరితే, 1969లో పిల్లలు చూడదగిన సినిమా ఒకటి తీశాడు. అదే "గూపీ గాయిన్ బాఘా బాయిన్". పాటగాడూ, డోలు వాయించేవాడూ అయిన ఇద్దరు స్నేహితులకు భూతాలరాజు వరాలిచ్చే కథ అది. ఆ కథ రాసినవాడు ఉపేంద్రకిశోర్. 1915లోనే చనిపోయిన ఆ తాతను సత్యజిత్ ఎన్నడూ చూడలేదు. కాని ఆయన కథను మాత్రం వేలాది పిల్లలకు తెరమీద చూపించాడు.