గృహనిర్వాహకుని చదువు



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారంలో కాపరి ఇంటికి వచ్చేవారు ఎక్కువ. కొందరు కృతజ్ఞతా ప్రార్థనకు వస్తారు, కొందరు కన్నీళ్లతో వస్తారు, కొందరు సలహాకు వస్తారు. రెండేండ్ల క్రిందట అలాంటి ఒక సాయంకాలం మా రావికమతం మండలంలోని ఒక పల్లెనుండి చెరకు రైతు ఒకరు తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయికి ఎం.పి.సి.లో మంచి మార్కులు వచ్చాయి. అయినా తండ్రి ముఖంలో సంతోషం లేదు.

"అయ్యగారూ, అరెకరం అమ్మయినా ఇంజనీరింగులో ఏద్దామనుకుంటన్నాను. ఇదేటో ఎకనామిక్సూ మేనేజిమెంటూ కలిపి సదువుతానంటంది. అది సదివితే ఏటొస్తాది? మీరే సెప్పండి" అన్నారాయన.

అమ్మాయి తలవంచుకొనే, కాని స్పష్టంగా చెప్పింది: "మన లెక్కల పుస్తకం నేనే కదా రాస్తున్నాను నాన్నా. పంట బాగా పండిన యేడే మనకి అప్పు ఎందుకు పెరిగిందో నాకు తెలుసుకోవాలనుంది."

"తండ్రి మాట వినమ్మా" అనే జవాబు మా నోటివరకు వచ్చింది. కాని అనలేకపోయాము. దానికి కారణం ఉన్నది. పన్నెండేండ్ల క్రిందట మా సంఘంలోని ఒక యౌవనస్థుడు ఇదే కోరికతో మావద్దకు వచ్చాడు. ఆ చదువు ఏమిటో మాకు తెలియదు. తెలియదని ఒప్పుకొనక, "ఇంజనీరింగే మేలు, అందరూ అదే చదువుతున్నారు" అని చెప్పి పంపాము. తండ్రి అప్పుచేసి చేర్పించాడు. ఆ కుర్రవాడికి యంత్రాలమీద మనసు లేదు. రెండేండ్లకు తప్పిన పేపర్లతో ఇంటికి వచ్చేశాడు. చదువు పోయినది, అప్పు మిగిలినది. ఆ సలహా మాది.

అందుచేత ఈ తండ్రితో, "మాకు రెండు వారాలు గడువివ్వండి. ప్రార్థన చేద్దాము. విచారించి చెబుతాము" అన్నాము. విశాఖపట్నం వెళ్లి తెలిసిన అధ్యాపకులను అడిగాము, కొన్ని పుస్తకాలు చదివాము. అప్పుడు నేర్చుకొన్న సంగతులు మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాము.

పంట పెరిగితే అప్పు ఎందుకు పెరిగింది?

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఆర్థికశాస్త్రంలో మొదటి యేడే వస్తుంది. మన అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. ఒక రైతు నిరుడు 20 క్వింటాళ్ల బెల్లం క్వింటాలు 4,000 రూపాయలకు అమ్మాడనుకొందాము. అతనికి 80,000 వచ్చింది. ఈ యేడు పంట బాగుండి 26 క్వింటాళ్లు తెచ్చాడు. అయితే ఊరూరా పంట బాగానే ఉన్నది, అందరి బండ్లూ ఒకేసారి మార్కెట్టుకు చేరాయి. ధర 2,900కు దిగింది. అతని చేతికి వచ్చింది 75,400 మాత్రమే. నరికించిన కూలి పెరిగింది, వండించిన ఖర్చు పెరిగింది, రాబడి తగ్గింది. (ఈ అంకెలు లెక్క అర్థమగుటకు మేము వేసుకొన్నవే గాని మార్కెట్టు ధరలు కావు.)

బెల్లం చౌక అయినంత మాత్రాన ఎవరూ రెండింతలు తినరు. కొనేవారి అవసరం పెద్దగా పెరగదు గనుక ధర ఎక్కువగా పడిపోతుంది. దీనినే డిమాండు వ్యాకోచత్వం అను పేరుతో పాఠాల్లో బోధిస్తారు. రైతు సోమరితనం దీనికి కారణం కాదు, అతని ప్రార్థనాలోపమూ కాదు. ఈ సంగతి తెలిసిన తరువాత, నష్టపోయిన రైతులకు మేము ప్రసంగవేదిక మీదనుండి చెప్పిన కొన్ని మాటలు గుర్తుకువచ్చి సిగ్గుపడ్డాము.

ఉన్నదానితో ఎలా చేయాలి?

ధరలు ఎందుకు మారుతాయి, కొరత ఎందుకు వస్తుంది, ఎవరికి ఎంత చేరుతుంది అని ఆర్థికశాస్త్రం అడుగుతుంది. ఉన్న భూమి, ఉన్న సొమ్ము, ఉన్న మనుష్యులతో ఎక్కువ మేలు ఎలా కలుగుతుంది అని నిర్వహణశాస్త్రం అడుగుతుంది. దీనిలో లెక్కలు ఎక్కువ.

మరొక ఉదాహరణ చూడండి. ఒక రైతుకు 4 ఎకరాలు, చేతిలో 1,60,000 రూపాయలు ఉన్నాయనుకొందాము. ఎకరం చెరకుకు 60,000 పెట్టుబడి, 30,000 లాభం. ఎకరం వరికి 20,000 పెట్టుబడి, 15,000 లాభం. అన్నీ చెరకే వేద్దామంటే సొమ్ము రెండెకరాల అరవై ఆరు సెంట్లకే సరిపోతుంది. లాభం సుమారు 80,000, మిగిలిన నేల బీడు. అన్నీ వరి వేస్తే లాభం 60,000, సగం సొమ్ము ఊరక ఉంటుంది. రెండెకరాలు చెరకు, రెండెకరాలు వరి వేస్తే నేలా సరిపోతుంది, సొమ్మూ సరిపోతుంది, లాభం 90,000 వస్తుంది. నాలుగెకరాలకు మనము నోటితో చేసిన ఈ లెక్కను వేల ఎకరాలకు, వందల లారీలకు, ఆసుపత్రులకు, కర్మాగారాలకు చేయగల పద్ధతే లీనియర్ ప్రోగ్రామింగ్.

ఈ పద్ధతి పుట్టిన విధము ఆశ్చర్యకరమైనది. 1939లో రష్యాలో ఒక ప్లైవుడ్ పరిశ్రమవారు తమ యంత్రాలకు పని ఎలా పంచాలో చెప్పమని కాంతొరోవిచ్ అనే గణితశాస్త్రజ్ఞుని అడిగారు. ఆయన కనుగొన్న మార్గం ఒక్క ప్లైవుడ్‌తో ఆగలేదు. 1947లో అమెరికాలో డాంట్జిగ్ అనే ఆయన ఇలాంటి లెక్కలకు సులువైన పద్ధతి తయారుచేశాడు. 1975లో కాంతొరోవిచ్‌కు, కూప్‌మన్స్ అనే మరొకరికి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి గణితానికి కాదు, ఆర్థికశాస్త్రానికి! ఈ రెండు చదువులు ఎంత దగ్గరివో దీనినిబట్టి తెలియుచున్నది.

మన తెలుగు నేలకూ దీనిలో పాలున్నది. ఆపరేషన్స్ రీసెర్చ్ అనబడే ఈ విద్యకు మన దేశంలో మొదటి విభాగం 1949లో హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాలలోనే ఏర్పడింది. తరువాత మహలనోబిస్ గారు కలకత్తాలో దీనిని దేశ ప్రణాళికల తయారీకి వినియోగించారు.

లేఖనాల వెలుగులో

ఇది లోకసంబంధమైన చదువు, ధనాపేక్ష నేర్పే చదువు అని మా సంఘపెద్దలలో ఒకరు అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. అయితే ఎకనామిక్స్ అను మాట గ్రీకు భాషలో ఇంటిని చక్కబెట్టుట అను అర్థమిచ్చే పదమునుండి వచ్చినది. క్రొత్త నిబంధన మూలభాషలో గృహనిర్వాహకత్వమునకు వాడబడినదీ ఆ పదమే. అనగా ఈ శాస్త్రం పేరు మన బైబిలులో ఎప్పటినుండో ఉన్నది.

యోసేపును జ్ఞాపకము చేసికొనుడి. ఆదికాండము 41లో ఆయన ఫరో కల భావము చెప్పి ఊరకుండలేదు. సమృద్ధి సంవత్సరాలలో ఐదవ భాగము తీసి పట్టణాలలో నిలువచేయుడని ఏర్పాటు చెప్పాడు. కలభావము దేవుడు ఇచ్చినది. కొట్లు కట్టించుట, కొలుచుట యోసేపు పని. నిర్గమకాండము 18లో అలసిపోవుచున్న మోషేకు మామ యిత్రో పని పంచియిచ్చుట నేర్పాడు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు ఆహారము పంచుటలో కొందరికి అన్యాయము జరుగగా, అపొస్తలులు ప్రార్థనతోపాటు ఏడుగురిని నియమించి పంపకము సరిచేశారు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువే లూకా 14లో చెప్పియున్నాడు. లెక్క చూచుకొనుట అవిశ్వాసము కాదు.

మన పిల్లలకు దారి

ఈ చదువు మనకు అందనిదని అనుకొనవద్దు. 1926లో బెజవాడలో ప్రారంభమై 1930లో వాల్తేరుకు వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, దేశంలో అందరికంటె ముందుగా పూర్తికాలపు ఎం.బి.ఎ. మొదలుపెట్టిన విశ్వవిద్యాలయాలలో ఒకటి. అది 1957లో. అహమ్మదాబాదు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు 1961లో వచ్చాయి. 2015లో విశాఖపట్నానికే ఐ.ఐ.ఎం. వచ్చి, మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో నడచి, ఇప్పుడు గంభీరం వద్ద స్వంత ప్రాంగణంలో ఉన్నది.

ఇంటర్‌లో గణితం ఉండుట మంచిది. ఎం.పి.సి.వారూ చేరవచ్చును, ఎం.ఇ.సి.వారూ చేరవచ్చును. మన రాష్ట్రంలో 2023–24 నుండి డిగ్రీలో ఒక విషయం మేజరుగా, మరొకటి మైనరుగా తీసుకొనే పద్ధతి పెట్టారు. ఈ నియమాలు మారుచుండును గనుక ఏ యేటి సంగతి ఆ యేడు కళాశాలలో అడిగి తెలుసుకొనవలెను. ఆర్థికశాస్త్రంతో డిగ్రీ చేసి, ఐసెట్ వ్రాసి ఎం.బి.ఎ.కు వెళ్లవచ్చును, లేదా ఎం.ఎ. ఆర్థికశాస్త్రం చేయవచ్చును. ఎం.ఎ. చేసినవారు యు.పి.ఎస్.సి. నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీసు పరీక్ష వ్రాయవచ్చును. బ్యాంకులు, నాబార్డు, సహకార సంఘాలలో ఈ చదువుకు పని ఉన్నది. అయితే ఒక మాట దాచకూడదు. ఒట్టి డిగ్రీతోనే పెద్ద ఉద్యోగం రాదు. పై చదువు గాని, మంచి గణితము, కంప్యూటరు నేర్పు గాని తోడు కావాలి.

ఇంగ్లీషు పుస్తకాలకు జడిసే పిల్లలకు తెలుగు అకాడమి వేసిన ఆర్థికశాస్త్ర పుస్తకాలు మంచి తోడు. ముందు తెలుగులో అర్థం చేసుకొని తరువాత ఇంగ్లీషులో చదివితే భయం పోతుంది. ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము ముందుగానే తీసుకొని ఉంచండి. షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైన కుటుంబాలకు మన రాష్ట్రంలో బి.సి.–సి విభాగం క్రింద 1 శాతం రిజర్వేషన్ ఉన్నదని చాలామందికి తెలియదు.

ఏలూరులో పుట్టి, విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన దువ్వూరి సుబ్బారావు గారు మొదట భౌతికశాస్త్రం చదివారు. తరువాత ఆర్థికశాస్త్రంలోనికి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. 2008 నుండి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశారు. డాక్టర్ అంబేద్కరు గారిని మనము రాజ్యాంగమునుబట్టి ఎరుగుదుము. ఆయన కొలంబియాలోను, లండన్‌లోను చదివినది ముఖ్యముగా ఆర్థికశాస్త్రమే. రూపాయి సమస్యను గూర్చిన ఆయన గ్రంథము 1923లో వెలువడినది. అణగద్రొక్కబడిన ప్రజల బిడ్డ దేశపు నాణెమును గూర్చి విచారించాడు. మన పల్లె బిడ్డలు ఎందుకు చేయలేరు?

ఒక హెచ్చరిక

ఈ శాస్త్రం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమెలా పొందాలో చెప్పగలదు. ఆ ఫలము ఎవరికొరకో అది చెప్పదు. కర్మాగారంలో పదిమందిని తీసివేస్తే లాభమని లెక్క చెప్పవచ్చును. ఆ పదిమంది ఇండ్లలో పొయ్యి వెలుగుతుందో లేదో లెక్కలో ఉండదు. కానుకపెట్టె వద్ద కూర్చున్న ప్రభువు, బీద విధవరాలి రెండు కాసులను అందరి కానుకలకంటె ఎక్కువగా ఎంచాడు. ఏ గణితము ఆ లెక్కను ఒప్పుకొనును? అందుచేత ఈ చదువుకు పంపే బిడ్డకు పుస్తకాలతోపాటు ప్రార్థనా జీవితము కూడ ఇచ్చి పంపవలెను. యజమానుడెవరో మరచిన గృహనిర్వాహకుడు ఎంత తెలివిగలవాడైనను నమ్మకమైనవాడు కాడు.

తరువాత ఏమైనది?

రెండు వారాల తరువాత ఈ సంగతులన్నీ ఆ తండ్రికి చెప్పాము. "చేర్పించండి" అని గాని "వద్దు" అని గాని చెప్పలేదు. తెలిసినది చెప్పి, ప్రార్థనచేసి, నిర్ణయము వారికే విడిచాము. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే అరెకరం అమ్మక్కర్లేదా అయ్యగారూ?" అన్నారు. ఆ మాటలోని బరువు చెరకు రైతులకే తెలుసు. పొలము అమ్మలేదు. అమ్మాయి డిగ్రీలో చేరినది. మొదటి యేడు ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక ఏడ్చినది, అయినా విడువలేదు.

నిరుడు క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు మా మందిర నిర్మాణం ఆగిపోయి ఉన్నది. అంతకుముందు మేమే తొందరపడి సిమెంటు ముందుగా తెప్పించగా, ఇసుక రాక, వానలకు కొన్ని బస్తాలు గడ్డకట్టుకొనిపోయినవి. కమిటీ అప్పు తెద్దామనుకొన్నది. ఆ అమ్మాయి ఒక కాగితముమీద గుండ్రాలు, బాణాలు గీసి, ఏ పని ముందు, ఏ పని తరువాత, ఏది ఆలస్యమైతే అన్నీ ఆగుతాయో చూపించినది. అప్పు తేనక్కరలేదు, పనుల వరుస మార్చి, కప్పును వచ్చే కోతపండుగ కానుకలవరకు ఆపండి అన్నది. ఆ మాట మాకు అంత ఇంపుగా లేదు, ఈస్టరుకే ప్రతిష్ఠ చేయాలని మా ఆశ. కాని లెక్క సరిగానే ఉన్నది. ఆగాము. ఈ రోజు మా సంఘానికి అప్పు లేదు.

ఆ పాత యౌవనస్థుని యింటికి కూడ మేము వెళ్లి క్షమించుమని అడిగాము. "మీరు ప్రేమతోనే చెప్పారు కదా అయ్యగారూ" అని నవ్వాడు. ఆ మాట మాకు ఓదార్పుగా కాక గద్దింపుగానే తోచినది. ప్రేమ ఉంటే చాలదు, తెలుసుకొని చెప్పవలెను.

ప్రియ తల్లిదండ్రులారా, తోటి కాపరులారా, మీ బిడ్డలు తెలియని చదువు పేరు చెప్పినప్పుడు వెంటనే కాదనవద్దు, వెంటనే ఔననవద్దు. కూర్చుండి విచారించండి. ఆ బిడ్డలో దేవుడు ఉంచిన తలాంతును మన అజ్ఞానమువలన మంటిలో పాతిపెట్టకుందుము గాక. ఆమేన్.