తదియ చంద్రుని కోసం నిరీక్షణ: గోదావరి జిల్లాలలో అట్లతద్ది

ఆశ్వయుజ పౌర్ణమి వెళ్లిన మూడవనాడు, అనగా బహుళ తదియ నాడు, గోదావరి డెల్టాలోని బాలికలు, స్త్రీలు అట్లతద్ది పండుగను జరుపుకుంటారు. దీనికే చంద్రోదయ ఉమావ్రతమని పేరు. గోరింటాకు పండుగ, ఉయ్యాల పండుగ అనే వాడుక పేర్లు కూడా ఉన్నాయి. ఆట, పాట, వంట, కథాశ్రవణం కలగలిసిన ఈ వేడుకలో ఉపవాసం ముగిసే వేళను నిర్ణయించేది తూర్పున ఉదయించే చంద్రుడే. అందుచేత ఆనాటి చంద్రోదయాన్ని ఏ ఊరికి లెక్కగట్టి పత్రికలు ప్రచురిస్తున్నాయన్నది, పగలంతా పస్తున్న వారికి చిన్న విషయం కాదు.

ముందురోజు రాత్రే చేతులకు గోరింటాకు పెట్టుకుంటారు. తెల్లవారుజామున, ఇంకా చుక్కలు కనిపిస్తుండగానే లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగుతో భోజనం ముగిస్తారు. ఆపైన వీధులలోకి వచ్చి పాటలు పాడుతూ ఆటలాడుతారు, చెట్లకు కట్టిన ఉయ్యాలలూగుతారు. ఆ వేళకు క్రితం సాయంత్రం ఉదయించిన చంద్రుడు పడమటి ఆకాశంలో వెలుగుతూ ఉంటాడు. వీధి దీపాలు లేని కాలంలో ఆడపిల్లలు అంత పెందలాడే గుంపులుగా బయటకు రాగలగడానికి ఈ వెన్నెల కూడా ఒక కారణమై ఉంటుందని భావించవచ్చు. సాయంత్రం గౌరీపూజ చేసి, అట్లు నైవేద్యం పెట్టి, ముత్తయిదువలకు అట్లు వాయనమిచ్చి, మళ్లీ అదే చంద్రుని కోసం తూర్పు వైపు చూస్తారు. ఒకే పండుగలో చంద్రుడు రెండుసార్లు, రెండు దిక్కులలో కనిపించడం దీని విశేషం.

పౌర్ణమి నాడు సూర్యుడు అస్తమించే వేళకే చంద్రుడు ఉదయిస్తాడు. ఆపైన చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతూ ప్రతిదినం తూర్పునకు కొంత జరగడమే దీనికి కారణం. పంచాంగంలోని తిథి కూడా ఈ జరుగుబాటు లెక్కయే. సూర్యచంద్రుల నడుమ ఎడం 12 డిగ్రీలు మారితే ఒక తిథి. ఆ ప్రకారం తదియ నాటి చంద్రోదయం సూర్యాస్తమయం తరువాత సుమారు రెండు గంటలకు, కొంచెం అటూ ఇటూగా, జరుగుతుంది. అప్పటికి చంద్రబింబంలో పదింట తొమ్మిది వంతులకు పైగా వెలుగుతూనే ఉంటుంది. పై అంచు మాత్రం కొద్దిగా తరిగి కనిపిస్తుంది. అట్టును పోలిన నిండు గుండ్రదనం అప్పటికే కొంత తగ్గిందన్నమాట.

వ్రతకథలో ఒక రాజకుమార్తె ఆకలికి తాళలేక సొమ్మసిల్లుతుంది. అన్నలు జాలిపడి, చెట్టుకు అద్దం కట్టి, దానికెదురుగా మంట వేసి, అద్దంలోని వెలుగునే చంద్రుడని నమ్మిస్తారు. ఆమె ఉపవాసం విడుస్తుంది. ఫలితంగా ఆమెకు ముసలి వరులే తటస్థపడతారు. జరిగింది తెలుసుకొని వ్రతాన్ని సక్రమంగా ఆచరించిన తరువాతనే తగిన వరుడు లభిస్తాడు. నేటి పాఠకులకు ఇది వినోదంగా తోచవచ్చు. కాని చిన్నపిల్లలను వృద్ధులకిచ్చి పెళ్లి చేసిన రోజులలో ఆ భయం నిజమైనది. అటువంటి వివాహాల వలన బాల్యంలోనే వితంతువులైన వారి కోసమే కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు.

కథలోని అద్దం విజ్ఞాన బోధనకు కూడా పనికివస్తుంది. చంద్రునికి స్వయంప్రకాశం లేదు. మనం చూసే వెన్నెల సూర్యకాంతి ప్రతిఫలనమే. నిజానికి చంద్రుని నేల ముదురు రంగుది, తనపై పడే కాంతిలో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి పంపుతుంది. అన్నలు చూపినది మంట ప్రతిబింబం, ఆకాశంలో కనిపించేది సూర్యుని వెలుగు. ఈ తేడాను ఉపాధ్యాయులు ఒక అద్దం, ఒక దీపంతో తరగతి గదిలోనే చూపవచ్చు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన సందర్భంగా ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించారు. ఆ నౌక బయలుదేరినది మన రాష్ట్రంలోని శ్రీహరికోట నుంచే. పాఠశాలలలో ఆగస్టున మొదలైన ఆసక్తిని అట్లతద్ది దాకా కొనసాగించి, ఆ సాయంత్రం చిన్న దూరదర్శిని ఏర్పాటు చేస్తే, చంద్రుని కోసం ఎలాగూ ఎదురుచూసే బాలికలే మొదటి పరిశీలకులవుతారు. పున్నమి నాటికంటే ఆ రాత్రి వెలుగునీడల సరిహద్దు వద్ద గుంటల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి.

పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులలో సముద్రపు పోటు ఎక్కువగా ఉంటుందని తీర మత్స్యకారులకు తెలుసు. వర్షాలు, వాయుగుండాలు వచ్చే మాసం కూడా ఇదే. పోటు వేళ కోనసీమ మురుగు కాల్వలలో నీరు త్వరగా లాగదు కనుక, పండుగ రోజులలో భారీ వర్ష సూచన ఉంటే పోటు సమయాలను కూడా చూడవలసి ఉంటుంది.

ఇక చంద్రోదయ వేళ విషయం. తూర్పునకు ఒక డిగ్రీ జరిగితే చంద్రోదయం సుమారు 4 నిమిషాలు ముందవుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు సమీపంగానే వెళుతుంది. హైదరాబాదు అంతకు 4 డిగ్రీలు పడమరగా ఉన్నది. కాబట్టి హైదరాబాదుకు కట్టిన సమయాన్ని యథాతథంగా ప్రచురిస్తే, కాకినాడలో చంద్రుడు కనిపించిన పావుగంటకు గాని ఆ వేళ రాదు. ఆకాశం నిర్మలంగా ఉంటే నష్టం లేదు. మబ్బు పట్టి, గడియారాన్ని నమ్ముకున్న ఇళ్లలోనే చిక్కు. ఏలూరుకు, కాకినాడకు నడుమ తేడా నాలుగైదు నిమిషాలే. రాజమహేంద్రవరానికి లెక్కగట్టిన వేళ డెల్టా జిల్లాలన్నింటికీ సరిపోతుంది.