ప్లీహాన్ని దాటిపోయే మలేరియా

అమ్మడూ, మలేరియా జ్వరం తగ్గి మనిషి లేచి తిరుగుతుంటే జబ్బు పోయిందనుకుంటాం. అతని మట్టుకు పోయినట్టే. కానీ అతన్ని కుట్టిన దోమ ఆ జబ్బును ఇంకొకరికి అంటించగలదు. ఎలాగో చెబుతా విను.

ఫాల్సిపారం రకం మలేరియా పరాన్నజీవులు మన ఎర్ర రక్తకణాల్లో దూరి పెరుగుతాయి. వాటిలో కొన్ని ఆడా మగా రూపాలు దాలుస్తాయి. వాటినే గామెటోసైట్లు అంటారు. వీటివల్ల చలీ జ్వరం ఏవీ రావు. దోమ పొట్టలోకి చేరాకే జతకడతాయి. 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ పొట్ట కోసి చూసింది ఆ సంతతినే!

ఇవి పక్వానికి రావడానికి దాదాపు 10 రోజులు పడుతుంది. అన్నాళ్ళూ ఎక్కువగా ఎముకల మూలుగలో దాగుంటాయి. పచ్చి గామెటోసైటు ఉన్న రక్తకణం బిరుసుగా ఉంటుంది మరి. బయటికొస్తే ప్లీహం పట్టేస్తుంది. ప్లీహం మన ఒంట్లో జల్లెడ: వంగే కణాన్ని సన్నని సందుల్లోంచి పోనిస్తుంది, బిగుసుకున్నదాన్ని ఆపేస్తుంది. పక్వమయ్యాక ఆ కణం మెత్తబడి, హాయిగా రక్తంలో తిరుగుతూ దోమకు అందుతుంది.

ఆ మెత్తదనం వెనుక సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు ఉంది. అది పెరిగితే కణం బిగుస్తుంది. పరాన్నజీవి తన ఫాస్ఫోడైఎస్టరేజ్ ఎంజైముతో దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొడుతూ ఉంటుంది. ఆ ఎంజైమును అడ్డుకుంటే? పారిస్‌లోని కోషాన్ ఇన్‌స్టిట్యూట్‌లో కేథరిన్ లవజెక్ బృందం లండన్ శాస్త్రవేత్తలతో కలిసి అదే చేసి, 2015లో ప్రచురించింది. వాడిన మందు సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా. మొదట్లో గుండెనొప్పి కోసం పరీక్షించిన మందు అది. దాన్ని కలపగానే పక్వమైన గామెటోసైట్లున్న కణాలు బిరుసెక్కాయి. ప్లీహంలా వడగట్టేందుకు పూసలతో చేసిన పరికరంలో చిక్కుకుపోయాయి.

నాకెంతో నచ్చిందేమిటంటే, మందు పరాన్నజీవిని చంపనక్కర్లేదు, మన ప్లీహానికి పట్టిస్తే చాలు. ఇప్పుడు గామెటోసైట్లను చంపడానికిచ్చే ప్రైమాక్విన్, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళలో ఎర్రకణాలను చితికిపోయేలా చేయగలదు. అందుకే కొత్త దారి కావాలి.

అయితే ఇది ప్రయోగశాలలో తేలిన సంగతి. జ్వరానికి ఎవరూ వయాగ్రా మాత్ర మింగకూడదు. గుండెకు నైట్రేట్లు వాడేవాళ్ళకైతే రక్తపోటు ప్రాణాపాయంగా పడిపోతుంది. మన ఒంట్లోనూ ఫాస్ఫోడైఎస్టరేజ్‌లు ఉన్నాయి కదా. వాటి జోలికి పోకుండా, పరాన్నజీవి ఎంజైమునే పట్టుకునే అణువును రసాయన శాస్త్రవేత్తలు తయారుచేయాలి.