ఆడుచు వినెడి కథ

వీడియో గేము అను మాట వినగనే మన యిండ్లలో పెద్దల నొసలు ముడివడును. అందుకు కారణము లేకపోలేదు. పబ్‌జీ మొబైలు అను తుపాకుల యాటను దేశభద్రతా కారణములు చూపి భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించినది. డబ్బు ఒడ్డి ఆడెడి ఆన్‌లైన్ ఆటలను అరికట్టుచు పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసినది. ఈ వార్తలన్నియు కలిసి, తెరపై ఆట యనిన అంతయు నొకటే యను తలపు మనలో నాటుకొన్నది. నేటి ప్రసంగమునకు విషయము ఆ జాతి యాట కాదు. ఇందు పందెము లేదు, ఎదుటి పక్షము లేదు. ఒక్కరు కూర్చుండి ఒక కథను మొదటినుండి తుదివరకు తమ చేతితో నడపుదురు. సినిమావలె దృశ్యములుండును, నవలవలె పాత్రలుండును. కాని చేయి కదలనిదే కథ కదలదు. ఇట్టి యాటను ఆడినవారికి ఏమనిపించుచున్నదో వారి నోటనే వినవలెనని మేము కామారెడ్డిలో రెండు దినములు, ఎల్లారెడ్డిలో ఒక సాయంకాలము గడపితిమి.

చర్చకు ఒక యాటను ఎన్నుకొనవలసి వచ్చెను. ఈ జాతిలో పేరు పడిన విదేశపు ఆటలు చాల గలవు. 2017లో వచ్చిన అన్‌చార్టెడ్ : ది లాస్ట్ లెగసీ అను ఆట మన పడమటి కనుమలలో, హొయసల శిల్పపు శిథిలముల నడుమ నడచును. అయినను మేము మన దేశమున పుట్టినదానినే కోరుకొంటిమి. దాని పేరు రాజి : యాన్ ఏన్షియంట్ ఎపిక్. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ అను చిన్న సంస్థ దీనిని తయారుచేసినది. 2017లో ప్రజలనుండి చందాలు కోరి ఆ సంస్థ విఫలమైనది. అయినను పట్టు విడువక 2020 ఆగస్టు 18వ తేదీన నింటెండో స్విచ్ యంత్రముపై, అదే సంవత్సరము అక్టోబరులో తక్కిన యంత్రములపై ఆటను విడుదల చేసినది. ఆ యేడు గేమ్ అవార్డ్స్ సభలో తొలి కృతులకిచ్చు బహుమానమునకై పరిశీలించిన అయిదింటిలో ఇదియు నొకటి. బహుమానము మాత్రము వేరొకదానికి పోయినది.

కథ సరళమైనది. రాజి యను బాలిక, ఆమె తమ్ముడు గోలు, ఊరూర విన్యాసములు చూపి బ్రతుకువారు. రాక్షసులు వచ్చి పడుదురు; తమ్ముని ఎత్తుకొని పోవుదురు. దుర్గ ఆ బాలికకు త్రిశూలము నిచ్చును, విష్ణువు ధనుస్సు నిచ్చును. వారిద్దరే కథకులై పైనుండి మాటలాడుకొనుచుందురు. అక్క తమ్మునికై కోటలు, జలముల నడుమ హిరణ్యనగరి, అడవి, ఎడారి దాటి పోవును. ఇంతే.

ఈ యాట ఎట్లు పనిచేయునో తెలియని శ్రోతల నిమిత్తము కొంచెము చెప్పవలసియున్నది. సినిమా బొమ్మ ముందే తీయబడినది. సెకనుకు 24 బొమ్మలు వరుసగా తెరపై పడును. ఆటలో బొమ్మ ముందుగా లేదు. సెకనుకు 30, లేదా 60 పర్యాయములు యంత్రము తన లెక్క తాను వేసికొని, ఆ క్షణమున బాలిక ఎక్కడ నున్నది, వెలుగు ఎటనుండి వచ్చుచున్నది, మీ వ్రేలు ఏ మీటపై నున్నది అని చూచి అప్పటికప్పుడు బొమ్మను గీయును. మీరు ఆగినచో కథ మీకై ఆగును. అన్ని ఆటలును ఇట్లు కావు. 1983లో వచ్చిన డ్రాగన్స్ లేయర్ అను ఆటలో లేజరు పళ్లెముపై కార్టూను తునుకలుండెను. సరియైన క్షణమున సరియైన మీట నొక్కిన తరువాతి తునుక వచ్చును, తప్పినచో చావు తునుక వచ్చును. దానిని ఆడుట యనుటకన్న పరీక్ష వ్రాయుట యనుట మేలు. ఇప్పటి కథాప్రధానములైన ఆటలలో రెండు పద్ధతులును కలిసియుండును: కొంతసేపు మీరు నడపుదురు, ముఖ్యఘట్టము రాగనే చేతినుండి పగ్గము తీసికొని ఆటయే దృశ్యము చూపును. ఆ పగ్గము ఇచ్చుట, పుచ్చుకొనుటలలోనే మంచి యాటకును చెడ్డ యాటకును భేదము తెలియును.

రాజిలో ఆ ముఖ్యఘట్టములు తోలుబొమ్మలాటవలె చూపబడినవి. తెర వెనుక దీపము, తెరపై కీళ్లు కట్టిన బొమ్మల నీడలు. మన నిమ్మలకుంటలో తోలును గీసి, పలుచన చేసి, రంగులద్ది, మోచేతివద్ద మోకాలివద్ద దారముతో కట్టెడి బొమ్మలు ఎట్లు విరిగినట్లు కదలునో, అట్లే ఇందును కదలును. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లోనే పద్మశ్రీ వచ్చుట యాదృచ్ఛికమే యైనను మాకు ముచ్చటగా తోచినది. ముఖమున కన్నీరు, పెదవుల కదలిక కంప్యూటరుతో చూపుటకు పెట్టుబడి విస్తారముగా కావలెను. నీడ బొమ్మకు అక్కరలేదు. పేదరికమునుండి పుట్టిన ఉపాయమే అందమైనదని మా యూహ.

కామారెడ్డిలో మేము కలిసికొన్నవారు డిగ్రీ విద్యార్థులు. వారిలో ఒకరి మేనమామ గల్ఫునుండి వచ్చుచు ప్లేస్టేషను తెచ్చియుండెను. ఈ ప్రాంతమున గల్ఫు పెట్టెలలో ఒకప్పుడు టేపురికార్డర్లు వచ్చెడివి, ఇప్పుడివి వచ్చుచున్నవి. మొదట మా చేతికే ఆ పనిముట్టు నిచ్చిరి. పావుగంటలో మేము రాజిని పదునాలుగు పర్యాయములు గోడపైనుండి క్రిందికి త్రోసితిమి. విద్యార్థులు మర్యాదకు నవ్వలేదు, తరువాత నవ్విరి.

వారి అభిప్రాయములు ఏకముగా లేవు. అట్లుండనందుననే ఈ ప్రసంగము వ్రాయుచున్నాము. బి.కాం. చదువు విద్యార్థి యొకడు కెమెరా కదలనందున మండిపడెను. "వెనుక ఏమున్నదో చూడవలెనన్న చూడనీయదు. వాడు చూపినదే చూడవలెను. ఇక నా యాట ఏమున్నది?" అని అతని వాదము. నిజమే, ఈ యాటలో దృష్టికోణము ఆటగాని వశమున లేదు. దూరమునుండి, పైనుండి, చిత్రకారుడు నిర్ణయించిన చోటినుండియే చూడవలెను. దానికి అతని ప్రక్కనున్న విద్యార్థిని బదులు చెప్పినది: "దూరమున చిన్నగా కనబడుటచేతనే ఆ పిల్ల ఒంటరిదని తెలిసినది. దగ్గరగా చూపియుండిన నాకు త్రిశూలమే కనబడియుండును." తెరపై నీటిలోనికి దిగు మెట్లు చూచినప్పుడు ఆమెకు లింగంపేటలోని నాగన్న బావి జ్ఞప్తికి వచ్చినదట. రాజస్థానపు కోటలను తలచి గీసిన చిత్రమును చూచి మన జిల్లా పిల్ల మన బావిని తలచుకొనుట మాకు సంతోషము కలిగించినది.

గోడలపై చిత్రముల సంగతి ఇంకను చిత్రమైనది. ఆటలో అక్కడక్కడ దేవతల కథలు వ్రాసిన గోడలుండును. ముందు నిలిచినచో దుర్గయు విష్ణువును ఆ కథ చెప్పుదురు. నిలువక పోయినను ఆటకు నష్టము లేదు. ఎవరు నిలిచిరని అడిగితిమి. అయిదుగురిలో ఇద్దరు నిలిచిరి. నిలువనివారిలో ఒకడు నిజాయితీగా, "రాక్షసులు ఎదుట నున్నప్పుడు పురాణము వినుటకు మనసు రాదు" అనెను. రేడియోలో పనిచేయువారికి ఈ మాట కొత్త కాదు. మీట త్రిప్పెడి స్వేచ్ఛ శ్రోతకు మొదటినుండియు కలదు.

దుఃఖమును గూర్చి వారు చెప్పినది మాత్రము మమ్ము ఆలోచింపజేసినది. ఆటలో నాయిక పడిపోయినచో కథ కొన్ని అడుగులు వెనుకకు పోయి మరల మొదలగును. మొదటి పర్యాయము రాజి పడినప్పుడు గుండె జల్లుమనినదని అందరును చెప్పిరి. పదియవ పర్యాయము పడినప్పుడు విసుగు మాత్రమే మిగిలినదట. "తమ్ముడు గుర్తుకు రాలేదు సార్, ఆ మీట ఎప్పుడు నొక్కవలెనో అదే గుర్తున్నది" అని ఒకడనెను. ఈ కళకున్న పెద్ద చిక్కు ఇదియే యని మా యభిప్రాయము. నేర్పు అలవడుటకు మరల మరల చేయవలెను; శోకము నిలుచుటకు ఒక్కమారే జరుగవలెను. ఒకదానికై మరొకటి చెడును. రాజిని చేసినవారు దీనికి నడుమ నడుమ ఒక మందు వేసిరి. చెదరిన గుండ్రని చిత్రపు ముక్కలను త్రిప్పి సరిచేయు చిక్కుముడులుండును. సరిపడగనే అక్కాతమ్ముల పాత జ్ఞాపక మొకటి తెరచుకొనును. అక్కడ చచ్చుట లేదు, తొందర లేదు. తమ్ముడు మరల మనసులోనికి వచ్చినది అక్కడనే యని ఆ విసిగిన విద్యార్థియే ఒప్పుకొనెను.

సంగీతమును గూర్చి ఒక మాట. మన తంత్రీవాద్యములు, తాళవాద్యములు నిండిన ఆ సంగీతమును కూర్చినవారు లీనోస్ జెలోస్ అను గ్రీకు దేశీయుడు. కండ్లు మూసికొని వినిన మాకు ఆ సంగతి తోచలేదు.

ఎల్లారెడ్డిలో పరిస్థితి వేరు. అక్కడ మేము కలిసిన యువకులలో ఒక్కనివద్దనే యంత్రము గలదు. తక్కినవారు ఈ యాటను ఆడలేదు. కాని కథ మొత్తము వారికి తెలియును. ఎవరో ఆడుచుండగా తీసి యూట్యూబులో పెట్టిన దృశ్యములను ఫోనులో చూచియున్నారు. వారిని ఆటగాండ్రనవలెనా, ప్రేక్షకులనవలెనా? ఆడినవారికన్న వీరే గోడచిత్రములను శ్రద్ధగా వినిరని మాత్రము చెప్పగలము. చేతికి పని లేనివానికి చెవి తెరచియుండును గదా.

ఆ సాయంకాలము యంత్రమున్న యింటి పెద్దగదిలో పదుమూడుగురము కూడితిమి. మేము శబ్దగ్రహణ యంత్రమును నడుమ నుంచితిమి. తరువాత విని చూడగా, ఆడుచున్న బాలుని గొంతు అందులో దాదాపు లేనే లేదు. అంతయు వెనుక కూర్చున్నవారిదే. "ఎడమకు", "ఆగుము", "వాడు వచ్చె" అను కేకలే. ఆ యింటి నాయనమ్మ, ఎనుబది దాటిన వృద్ధురాలు, గడపవద్ద కూర్చుండి చూచుచుండెను. దేవతలు ఇంగ్లీషున మాటలాడుచుండ, మనుమడు మీటలు నొక్కుచునే తెలుగున చెప్పుచుండెను. మేము చూచిన ప్రతిలో తెలుగు పలుకు లేదు. మన దుర్గ మన యింటిలో మన ముసలమ్మతో దుబాసీ నడుమ నుంచుకొని మాటలాడవలసి వచ్చుట మాకు కష్టముగ తోచినది. 2017లోనే అసుర అను ఆటను తయారుచేసిన ఓగర్ హెడ్ స్టూడియో హైదరాబాదులోనిదే. పని తెలిసినవారు మనకు లేకపోలేదు. తెలుగు గొంతుకు కరవా, తెలుగు శ్రోతకు కరవా? ఆ గదిలో మాత్రము శ్రోతలకు కరవు కనబడలేదు.

నీడబొమ్మలు రాగానే ఆమె ముందుకు జరిగెను. చిన్ననాట తాను చూచిన చిందు భాగవతము మాట తెచ్చెను. నిజామాబాదు సీమ చిందు కళకు పుట్టినిల్లు వంటిది. పురుషవేషములు సైతము ధరించి పేరు గాంచిన చిందుల ఎల్లమ్మ ఈ సీమవారే. రాత్రి మొదలైన ఆట తెల్లవారుదాక నడచెడిదనియు, కథ తెలిసినదే యైనను ఎవరును లేచెడివారు కారనియు ఆమె చెప్పెను. రాజి పడిపోయి మరల లేచినప్పుడు మాత్రము, "సచ్చి మల్ల లేస్తదా? మరి భయమెందుకు?" అని అడిగెను. కామారెడ్డి విద్యార్థులు అరగంట చర్చించిన విషయము అది.

ఈ యాట సుమారు అయిదు గంటలలో ముగియును. ముగియుట యనుట తప్పు; తెగును. పెద్ద రాక్షసునితో పోరు వచ్చును, కథ తేలకుండగనే తెర పడును. దీనిని ఆడినవారిలో పలువురు చేసిన ఫిర్యాదు ఇదియే. చిన్న సంస్థ, పెట్టుబడి తక్కువ, తరువాయి భాగమున చెప్పుదుమను ఆశ, ఇవి మేము ఊహించుకొనగల సాకులు. మాకును ముగింపు రుచింపలేదు. పగ్గము మన చేతికిచ్చి ఇంత దూరము నడిపించినవారు గమ్యమువద్ద ఆ పగ్గము లాగికొనుట న్యాయము కాదు. సినిమా అర్ధాంతరముగ ఆగిన ప్రేక్షకుడు టిక్కెట్టు సొమ్మునకై వగచును. ఇక్కడ అయిదు గంటలు తన చేతితో ఆ పిల్లను కాపాడినవాడు ఎవరికై వగవవలెను?

ఎల్లారెడ్డిలో ఆ రాత్రి పదకొండు గంటలకు, ముందే చాలవరకు ఆడి నిలిపియుంచిన ఆట తుదకు వచ్చినది. పేర్లు తెరపై పైకి ప్రాకసాగెను. గదిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

"తర్వాత?" అనెను నాయనమ్మ.

"అయిపోయింది నాయనమ్మా."

"గంతేనా? మంగళం పాడకుంటనే తెర గుంజిన్రా?"

మనుమడు తలవంచుకొనెను, తప్పు తనదే యైనట్లు. ఆమె గడపవద్దనుండి లేచి వచ్చి, మంచముపై సర్దుకొని కూర్చుండి, "అయితే నేను చెప్త, ఇనుండ్రి" అనెను. ఆపివేసిన శబ్దగ్రహణ యంత్రమును మేము మరల నడిపితిమి. ఆమె కథ పదునొకండు నిమిషములు వచ్చినది. అందు రాక్షసుడు చచ్చెను. రాజి తమ్ముని చంకనెత్తుకొని లింగంపేట బాటన నడచి, పొద్దు పొడిచు వేళకు ఎల్లారెడ్డి చేరెను.