ఒకే తల్లి బిడ్డలు, రెండు జెండాలు

2022 సెప్టెంబర్ 23 రాత్రి ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ నగరంలో ఘనా జట్టు బ్రెజిల్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడింది. ఆ రాత్రి ఘనా జెర్సీలో తొలిసారి మైదానంలోకి దిగిన ఆటగాడు ఇన్యాకి విలియమ్స్. మర్నాడు జరగోజా నగరంలో స్పెయిన్ జట్టు స్విట్జర్లాండ్‌తో తలపడింది. స్పెయిన్ జెర్సీలో తొలిసారి ఆడిన కుర్రాడు నికో విలియమ్స్. వాళ్లిద్దరూ ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు. ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే క్లబ్బులో ఆడుతూ వచ్చారు. ఒక్క రోజు తేడాలో అన్న ఒక దేశానికి, తమ్ముడు మరో దేశానికి ఆడారు. ఆ రెండు రాత్రులూ వాళ్ల జట్లు ఓడిపోయాయి. ఘనా మూడు గోల్స్ తేడాతో, స్పెయిన్ ఒక్క గోల్ తేడాతో ఓడాయి. కానీ ఆ కుటుంబం నడిచివచ్చిన దారి తెలిసినవాళ్లెవరూ వాటిని ఓటమి రాత్రులనరు.

ఇసుకలో కాలిన పాదాలు

ఆ దారి ఘనా దేశంలో మొదలైంది. 1990ల మొదట్లో ఒక యువ జంట బతుకుదెరువు వెతుక్కుంటూ ఇల్లు విడిచి ఉత్తరానికి బయలుదేరింది. కొంతదూరం క్రిక్కిరిసిన లారీలో, కొంతదూరం కాలినడకన సహారా ఎడారిని దాటింది. మండే ఇసుకలో చెప్పుల్లేకుండా నడిచిన ఆ తండ్రి అరికాళ్లు కాలిపోయాయి. ఆ బాధ ఆయన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. దారిలో రాలిపోయినవాళ్లను వాళ్లు కళ్లారా చూశారు. చివరికి ఆఫ్రికా ఒడ్డునే ఉన్న స్పెయిన్ నగరం మెలిల్యా చేరి, సరిహద్దు కంచె దాటారు, పోలీసులకు చిక్కారు. అప్పటికే ఆమె గర్భవతి.

అక్కడ కారితాస్ అనే కథోలిక సేవాసంస్థకు చెందిన ఒక న్యాయవాది వాళ్లకు ఒక సలహా ఇచ్చాడు. ఘనా కాగితాలు చింపేసి, యుద్ధంలో ఉన్న లైబీరియా నుంచి వచ్చామని చెబితే ఆశ్రయం దొరుకుతుందని ఆ సలహా. వాళ్లు అలాగే చేశారు. అబద్ధం అబద్ధమే, దాన్ని మేము సమర్థించబోము. అయితే కరవుకు భయపడి ఐగుప్తుకు వెళ్లిన అబ్రాహాము, తన భార్యను చెల్లెలని చెప్పించిన సంగతి కూడా మన బైబిల్లోనే ఉంది. దేవుడు ఆ మాటను మెచ్చుకోలేదు, అబ్రాహామును విడిచిపెట్టనూ లేదు. భద్రమైన ఇంట్లో కూర్చుని కంచె మీద ఉన్నవాడికి తీర్పు చెప్పేముందు మనం ఒకసారి ఆగాలి.

అక్కడి నుంచి ఆ జంట ఉత్తర స్పెయిన్‌లోని బిల్బావో నగరం చేరింది. భాష రాదు, చేతిలో డబ్బు లేదు, తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. కారితాస్‌తో కలిసి పనిచేసే ఒక కథోలిక గురువు వాళ్లను ఆదుకున్నాడు. 1994 జూన్ 15న మగబిడ్డ పుట్టాడు. తల్లిదండ్రులు ఆ బిడ్డకు ఆ గురువు పేరే పెట్టుకున్నారు. ఇన్యాకి అనేది అక్కడి బాస్కు జనం పెట్టుకునే పేరు. ఆ పసివాడికి అథ్లెటిక్ క్లబ్ వారి ఎరుపు తెలుపు చారల చొక్కాను మొదట తెచ్చి ఇచ్చినవాడూ ఆయనే. పరదేశిగా ఉన్నప్పుడు తనను చేర్చుకున్నారని ప్రభువు చెప్పబోయే ఆ దినం గురించి (మత్తయి 25) మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. బిల్బావోలో ఒక మనిషి ఆ వాక్యాన్ని చేతల్లో చూపించాడు. తాను చొక్కా ఇచ్చిన పసివాడు పెద్దవాడై అదే క్లబ్బుకు నాయకుడవుతాడని ఆయన ఆ రోజు కలగని ఉండడు.

తండ్రి స్థానంలో అన్న

కుటుంబం తర్వాత పాంప్లోనా నగరానికి మారింది. 2002 జూలై 12న అక్కడే నికో పుట్టాడు. పనులు దొరక్క తండ్రి లండన్ వెళ్లాడు. దాదాపు పదేళ్లు అక్కడ దొరికిన పనల్లా చేసి ఇంటికి డబ్బు పంపాడు. తల్లి ఒకే రోజు రెండు మూడు చోట్ల పనిచేసేది. తమ్ముణ్ణి బడికి తీసుకెళ్లడం, అన్నం పెట్టడం, అల్లరి చేస్తే మందలించడం అన్న వంతు. గల్ఫ్‌కు వెళ్లిన తండ్రుల ఇళ్లను కరీంనగర్‌లో, కడపలో, గోదావరి జిల్లాల్లో చూసినవాళ్లకు ఈ ఇల్లు కొత్తగా అనిపించదు. తల్లిదండ్రులు ఎడారి దాటి వచ్చారన్న సంగతి ఇన్యాకికి చాలాకాలం తెలియదు. అతను ఎదిగాక గానీ తల్లి నోరు విప్పలేదు.

అథ్లెటిక్ క్లబ్ తీరు మిగతా క్లబ్బులకు భిన్నం. నూరేళ్లకు పైగా ఆ క్లబ్ బాస్కు ప్రాంతంలో పుట్టినవాళ్లనో, అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లనో తప్ప ఇతరులను తీసుకోదు. ఎంత డబ్బున్నా బయటి నుంచి తారలను కొనదు. అలాంటి క్లబ్బులో ఇన్యాకి 2014 డిసెంబర్‌లో మొదటి జట్టులోకి వచ్చాడు. 2015 ఫిబ్రవరిలో ఇటలీ జట్టు టొరినో మీద గోల్ కొట్టి, ఆ క్లబ్ తరఫున గోల్ చేసిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. 2016 ఏప్రిల్ నుంచి 2023 జనవరి వరకు స్పెయిన్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా వరుసగా 251 ఆడాడు. తండ్రి కాలిన పాదాలతో నడిస్తే, కొడుకు ఏడేళ్లు ఆగకుండా పరుగెత్తాడు. 2021లో తమ్ముడు నికో కూడా అదే జట్టులో అన్న పక్కన చేరాడు.

ఎవరి పక్షం?

అంతర్జాతీయ ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం ఆటగాడికి ఆ దేశపు పౌరసత్వం ఉండాలి. దానితోపాటు పుట్టిన నేల, తల్లిదండ్రులు పుట్టిన నేల, తాత అవ్వలు పుట్టిన నేల, ఏళ్ల తరబడి నివసించిన నేల వంటి బంధం ఏదైనా చూపించాలి. అందుకే వలస కుటుంబాల పిల్లలకు రెండు మూడు దేశాల తలుపులు తెరిచి ఉంటాయి. అయితే ఒక దేశం తరఫున పెద్ద పోటీల్లో ఆడాక మరో తలుపు దాదాపు మూసుకుపోయినట్టే. 2020లో ఈ నియమాన్ని కొంత సడలించినా, ఎంపిక మాత్రం తప్పదు. ఇన్యాకి 2016లో స్పెయిన్‌కు ఆడినది ఒకే ఒక్క స్నేహపూర్వక మ్యాచ్. కనుక అతనికి దారి తెరిచే ఉంది. 2022 జూలైలో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, తల్లిదండ్రుల దేశమైన ఘనాకు ఆడతానని ప్రకటించాడు. నికో తాను పుట్టి పెరిగిన స్పెయిన్‌ను ఎంచుకున్నాడు. అదే ఏడాది కతార్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ఇద్దరూ ఆడారు, రెండు జట్లలో.

ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. బోటెంగ్ సోదరులు ఒకే తండ్రి బిడ్డలు, బెర్లిన్‌లో పుట్టినవాళ్లు. 2010, 2014 ప్రపంచ కప్పుల్లో ఒకడు జర్మనీకి, మరొకడు ఘనాకు ఆడి ఎదురెదురుగా నిలిచారు. 2016 యూరో పోటీల్లో షాకా సోదరుల్లో ఒకడు స్విట్జర్లాండ్‌కు, మరొకడు అల్బేనియాకు ఆడితే, వాళ్ల తల్లి సగం ఒక జెండా, సగం మరో జెండా ఉన్న చొక్కా వేసుకుని స్టేడియానికి వచ్చింది. నువ్వు ఎవరి పక్షమని లోకం అడిగే ప్రశ్నకు తల్లి చెప్పగలిగిన జవాబు అదొక్కటే.

విలియమ్స్ సోదరుల సంగతే చూడండి. ఎంపికలు వేరయ్యాయి గానీ మనసులు వేరు కాలేదు. 2024 జనవరి 22న ఆఫ్రికా కప్‌లో ఘనా చివరి మ్యాచ్ ఆడింది. రెండు రోజులకే ఇన్యాకి బిల్బావోలో తమ్ముడితో కలిసి బార్సిలోనా మీద ఆడాడు. అదనపు సమయంలో అన్న ఒక గోల్, తమ్ముడు ఒక గోల్ కొట్టారు. ఏప్రిల్ 6న ఆ క్లబ్ నలభై ఏళ్ల తర్వాత స్పెయిన్ కప్పు గెలిచింది. అదే ఏడాది జూలై 14న బెర్లిన్‌లో యూరో ఫైనల్. ఇరవై రెండో పుట్టినరోజు దాటి రెండు రోజులే అయిన నికో, ఇంగ్లాండ్ మీద మొదటి గోల్ కొట్టాడు. అతనికి బంతి అందించిన లామిన్ యమాల్‌కు ముందు రోజే పదిహేడేళ్లు నిండాయి. అతని తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినీ. స్పెయిన్ 2-1తో గెలిచి యూరప్ విజేత అయ్యింది. సరిహద్దు కంచె దాటి వచ్చిన తల్లి కొడుకు ఆ దేశాన్ని గెలుపు దారిలో నిలబెట్టాడు.

కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లోని ఒక స్టేడియంలో కొందరు ప్రేక్షకులు అదే నికోను కోతి అరుపులతో అవమానించారు. ఆట కాసేపు ఆగింది. తర్వాత అతను గోల్ కొట్టి, తన చేతి చర్మాన్ని వేలితో చూపించాడు. 2020 జనవరిలో బార్సిలోనా నగర శివారులో అన్నకు కూడా ఇదే అవమానం ఎదురైంది. గెలిచినప్పుడు మనవాడు, గిట్టనప్పుడు పరాయివాడు అనడం లోకం తీరు. గోల్ కొట్టాకే మనిషిని చేర్చుకునే ప్రేమకు విలువ లేదు. బిల్బావో గురువు ఆ బిడ్డను చేర్చుకున్నప్పుడు వాడు గోల్స్ కొడతాడని ఆయనకు తెలియదు.

యాకోబు చాపిన చేతులు

బైబిల్లో ఇలాంటి అన్నదమ్ములు ఇద్దరున్నారు. వాళ్లు యోసేపు కుమారులు, మనష్షే, ఎఫ్రాయిము. తండ్రి కనానునుంచి అమ్ముడుపోయి వచ్చిన హెబ్రీయుడు. తల్లి ఆసెనతు ఐగుప్తీయురాలు, ఓను పట్టణపు యాజకుని కుమార్తె. పుట్టింది, పెరిగింది ఐగుప్తులోనే. పెద్దవాడి పేరులో తన బాధను, తండ్రి ఇంటిని మరచిపోగలిగానన్న అర్థం ఉంది. చిన్నవాడి పేరులో బాధపడిన దేశంలోనే ఫలించానన్న అర్థం ఉంది. వలస వెళ్లిన ప్రతి తండ్రి గుండెలోనూ ఈ రెండు పేర్లూ ఉంటాయి. ఒకటి పోగొట్టుకున్నది, మరొకటి పొందినది.

యాకోబు చనిపోయేముందు ఆ మనవలను దగ్గరకు పిలిచాడు (ఆదికాండము 48). వాళ్లకు తన భాష ఎంత వచ్చు, తన ఆచారాలు ఎన్ని తెలుసు అని పరీక్ష పెట్టలేదు. మీ అమ్మ ఎవరని నిలదీయలేదు. రూబేను, షిమ్యోనుల్లాగే వీళ్లిద్దరూ నా బిడ్డలే అన్నాడు. ముద్దు పెట్టుకుని, కౌగిలించుకుని, తల మీద చేతులుంచి దీవించాడు. చేతులు అడ్డంగా చాపి చిన్నవాణ్ణి ముందుంచితే యోసేపుకు నచ్చలేదు. కానీ ముసలి తాతకు తాను చేస్తున్నదేమిటో తెలుసు. మనం పెద్దవాళ్లకు, మగపిల్లలకు, మన ఊళ్లో ఉన్నవాళ్లకు వరస ప్రకారం పంచే దీవెనను దేవుడు తనకు నచ్చినట్టు పంచుతాడు. ఆ ఇద్దరూ ఐగుప్తులో పుట్టినా ఇశ్రాయేలు గోత్రాల్లో లెక్కకు వచ్చారు.

ఈ సంగతి మన సంఘాల్లో ఈనాడు ఎందుకు చెప్పుకోవాలి? మేము గృహదర్శనాలకు వెళ్లినప్పుడు గోడ మీద ఫొటోలో ఉన్న మనవళ్లను చూపించి పెద్దలు నిట్టూరుస్తుంటారు. అమెరికాలో పుట్టారు, తెలుగు రాదు, ఆదివారం ఫోన్‌లో ప్రార్థన చేయమంటే ఇంగ్లిష్‌లో చేస్తారు, వాళ్లింక మనవాళ్లు కారండీ అంటారు. మన రాజ్యాంగం ప్రకారం మరో దేశపు పౌరసత్వం తీసుకున్నవారికి భారత పౌరసత్వం ఉండదు. 2005 నుంచి ఇస్తున్న ఓసీఐ కార్డుతో వచ్చిపోవచ్చు గానీ, ఓటు లేదు, దేశం తరఫున ఆడే అవకాశమూ లేదు. తండ్రి భారతీయుడు, తల్లి జపనీయురాలు అయిన ఇజుమి అరతా జపాన్ పౌరసత్వాన్ని వదులుకున్నాకే 2013లో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడగలిగాడు. చట్టానికి దాని హద్దులు ఉంటాయి, వాటిని మనం గౌరవించాలి. అయితే పాస్‌పోర్టు మారినంత మాత్రాన తాత దీవించకూడదని ఏ చట్టమూ చెప్పదు.

పెద్దలు చేయవలసింది యాకోబు చేసిన పనే. దూరాన ఉన్న మనవళ్లను ముందు మనవాళ్లని ఒప్పుకోవాలి. ఇంటి కథ చెప్పాలి. ఇన్యాకి తల్లి చాలాకాలం దాచిన కథే చివరికి అతని మనసును ఘనా వైపు తిప్పిందేమో! నాన్నమ్మ పొలంలో కలుపు తీసి ఎవరిని చదివించిందో, తాత ఏ చెట్టు కింద ప్రార్థన కూడిక మొదలుపెట్టాడో పిల్లలకు తెలియకపోతే వాళ్లు దేనికి తిరిగి రావాలి? యౌవనస్థులకూ ఒక మాట. ఎక్కడ అవకాశం ఎక్కువ, ఎక్కడ డబ్బు ఎక్కువ అన్న లెక్క ఒక్కటే చూసి చేరిన చోట వేరు పడదు. ఉన్న చోటును ప్రేమించండి, వచ్చిన చోటును మరచిపోకండి. నికో కోసం పెద్ద క్లబ్బులు ఎదురుచూశాయి. అతను 2025 జూలైలో బిల్బావో క్లబ్బుతోనే 2035 వరకు ఒప్పందం రాసుకున్నాడు.

పౌలు తార్సులో పుట్టిన యూదుడు, పుట్టుకతోనే రోమా పౌరుడు. ఏ పౌరసత్వాన్నీ అతను దాచుకోలేదు, అవసరమైనప్పుడు దాన్ని వాడుకున్నాడు. అయినా ఫిలిప్పీ సంఘానికి రాసినప్పుడు మన అసలు పౌరసత్వం పరలోకానిదని గుర్తు చేశాడు. ఫిలిప్పీ రోమీయుల వలస పట్టణం, పౌరసత్వం అక్కడివాళ్లకు ఎంతో గొప్ప. అలాంటివాళ్లకు ఆ మాట రాయడం చిన్న విషయం కాదు. ఆ రాజ్యంలో చేరడానికి తాత పుట్టిన ఊరు చూపించనక్కర్లేదు, మెలిల్యా కంచె దాటనక్కర్లేదు. క్రీస్తు తన రక్తంతో ఆ తలుపు తెరిచాడు.

మీ సంఘంలో ఈ ఆదివారం వెనక వరసలో ఒక కొత్త కుటుంబం కూర్చుని ఉండవచ్చు. ఒడిశా నుంచో, ఛత్తీస్‌గఢ్ నుంచో పనికోసం వచ్చినవాళ్లు కావచ్చు. పాటలు పాడలేక పుస్తకం వైపు చూస్తూ ఉండవచ్చు. ఆరాధన అయ్యాక వాళ్ల దగ్గరకు వెళ్లి పేరు అడగండి. చంటిబిడ్డ ఉంటే ఎత్తుకోండి. ఇంటికి పిలిచి ఒక పూట అన్నం పెట్టండి.